వంతులమ్మ కుండ

కూర ఏం వండాలో కూడా దేవతనడిగి చెప్పే అత్తగారితో కాపురం ఎలా ఉంటుందో ఆ కోడల్ని అడగాలి. మిగతా ఇళ్ళలో అత్తగార్లు ఉప్పెక్కువైందనో, అన్నం ముద్దయిందనో ఒక మాటంటారు. కోడలు ఒక మాట మింగుతుంది. రెండు రోజుల్లో అంతా సర్దుకుంటుంది. ఈ ఇంట్లో ఆ సుఖం కూడా లేదు. ఆవిడ ఎప్పుడూ ఏమీ అనదు. పొద్దున్నే స్నానం చేసి, జుట్టు తడి ఆరకముందే వంటింటి గట్టు మీద స్టీలు చెంబు పెడుతుంది. ఇంట్లో ముగ్గురూ తలో గుండీ అందులో వెయ్యాలి. పాత చొక్కాల నుంచి కత్తిరించి దాచిన గుండీలవి. తెల్లది క్యాబేజీ, నల్లది బంగాళాదుంప, గోధుమరంగుది చిక్కుడు. అత్తగారు కళ్ళు మూసుకుని, చెంబులోకి రెండు వేళ్ళు పోనిచ్చి, మొదట తగిలినదాన్ని పైకి తీసి, "వచ్చింది వంతు" అంటుంది. ఆ రోజుకి అదే కూర. దాని మీద అప్పీలు లేదు.

వారం రోజులుగా దాదాపు రోజూ నల్లగుండీయే వస్తోంది. కోడలికి కలలో కూడా బంగాళాదుంపలు తొక్కతో సహా కనిపిస్తున్నాయి.

"ఇవాళ కూడానా అత్తయ్యా?"

"అమ్మ ఇష్టం" అంది అత్తగారు, తానేదో మధ్యలో ఉత్తరం అందించిన మనిషిలాగా.

అమ్మ అంటే వంతులమ్మ. ఆ ఊళ్ళో కొన్ని కుటుంబాలవాళ్ళు ఆవిణ్ణే కొలుస్తారు. గుడి అనరు, వంతుల ఇల్లు అంటారు. లోపల ముఖమున్న విగ్రహమేదీ ఉండదు. నల్లటి చెక్కతో చెక్కిన ఒక పిడికిలి ఉంటుంది, మనిషంత ఎత్తు, గట్టిగా మూసినది. అందులో ఏముందో ఎవరూ అడగరు. ఎండా వానా, బిడ్డా రోగమూ, సింహాసనమూ చీపురూ అన్నీ ఆ పిడికిట్లోంచే వస్తాయనీ, ఎవరికి వచ్చింది వాళ్ళు తీసుకోవాలనీ వాళ్ళ నమ్మకం. నమ్మకమంటే నోటితో చెప్పుకునేది కాదు. వారానికోసారి అందరూ కూడినప్పుడు ఆ ఇంటి పనులకి వంతు తీస్తారు. నేల కడగడం, మరుగుదొడ్డి కడగడం, వెనక గదిలో మంచాన పడివున్న దిక్కులేని పెద్దాయనకి స్నానం చేయించడం, అన్నీ కలిపి ఒకే వంతు. ఎవరి పేరొస్తే ఆ వారమంతా వాళ్ళు చెయ్యాలి. డబ్బిచ్చి ఇంకొకరితో చేయించకూడదు. కాదనకూడదు.

పెళ్ళయిన కొత్తలో కోడలు అక్కడికి నవ్వుకోవడానికే వెళ్ళింది. కాలేజీలో నేర్చుకున్న నవ్వొకటి సిద్ధంగా పెట్టుకుంది. తీరా చూస్తే బ్యాంకు మేనేజరు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, కాలవ దగ్గర గొంతుక్కూర్చుని, కర్రముక్కతో చెత్త లాగుతున్నాడు. ఆయన ఇంట్లో గిన్నెలు తోమే మనిషి లోపల చాప మీద కూర్చుని పాట చెబుతోంది, మిగతావాళ్ళు అందుకుంటున్నారు. ఎవరికీ అందులో వింత కనిపించడం లేదు. సిద్ధం చేసుకున్న నవ్వు ఆ రోజు నోట్లోనే ఉండిపోయింది. ఇప్పటికీ బయటికి రాలేదు.

కోడలు "ఇవాళ కూడానా" అన్న ఆ రోజు కూడే రోజు. బంగాళాదుంప కూర తిని అత్తాకోడళ్ళు అందరికంటే ముందు బయల్దేరారు. ముందు తలుపు తాళం అత్తగారి దగ్గరే ఉంటుంది మరి. ఆవిడ తలుపు తీసి, పిడికిలి మీది దుమ్ము మెత్తటి గుడ్డతో తుడిచి, గడప పక్కన ఎత్తుపీట మీద కుండ పెట్టింది. నల్లటి మట్టికుండ, మెడ బాగా సన్నం. వచ్చినవాళ్ళు వచ్చినట్టు తమ ఇంటి బిళ్ళ అందులో వేసి లోపలికి రావాలి. కాల్చిన మట్టిబిళ్ళలు, అన్నీ ఒకే అచ్చు, ఒక్కో ఇంటిదాని మీద ఒక్కో గుర్తు. వీళ్ళది తాళంచెవి. ఖాళీ కుండలో ముందుగా ఠంగుమని మోగేది ఎప్పుడూ వీళ్ళదే.

వంతు తీసేది కూడా అత్తగారే. అంతకు ముందు తీసే ఆవిడకి వయసుతో పాటు చెయ్యి కూడా లావెక్కి, ఒకసారి మణికట్టు దగ్గర కుండలో ఇరుక్కుపోయింది. అందరూ కలిసి నూనె పోసి లాగాల్సి వచ్చింది. ఆ తర్వాత సన్నటి చెయ్యి ఎవరిదా అని చూసి ఈవిణ్ణి పిలిచారు. ఈవిడ దాన్ని కూడా వంతుగానే తీసుకుంది. చెయ్యి లావెక్కకుండా అప్పట్నుంచీ రెండో పూట తినడం మానేసింది.

పాట ఆఖరి చరణంలో ఉండగా కుట్టావిడ వచ్చింది. ఎప్పుడూ అప్పుడే వస్తుంది. కూడే రోజే ఆవిడ కుట్టినవన్నీ ఇస్త్రీ చేసి ఇళ్ళకి ఇచ్చి రావాలి. భుజాన ఖాళీ సంచీ, జుట్టులో దారప్పోగులు, రొప్పు. కొంగుముడి విప్పి కత్తెర గుర్తున్న బిళ్ళ తీసి కుండలో వేసింది. నిండిన కుండలో అది టప్పుమని చిన్న చప్పుడు చేసింది.

అత్తగారు పిడికిలికి దణ్ణం పెట్టి, కళ్ళు మూసుకుని, చెయ్యి కుండలోకి దించింది. వేళ్ళకి మొదట తగిలినదాన్ని పట్టుకుని తీసింది. వెతకదు, ఎంచదు, ఒకటి వదిలి ఇంకొకటి పట్టుకోదు. అంత శ్రద్ధగా, అంత నిజాయితీగా చేసే పని ఇంకొకటి కోడలు ఎక్కడా చూడలేదు.

"కత్తెర."

గదిలో చిన్న నవ్వు కదిలింది. పాలదుకాణం ఆయన వెనక్కి తిరిగి, "అమ్మకి నీ మీద మనసు పడిందమ్మా, వదలట్లేదు" అన్నాడు.

"కాస్త మనసు తగ్గించుకోమని చెప్పండి బాబూ, నా నడుం మొయ్యలేకుండా ఉంది" అంది కుట్టావిడ.

అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది. సంచీ మూల పెట్టి, బకెట్టు తీసుకుని ఫినాయిలు కలిపింది. గుడ్డ ముంచడానికి చెయ్యి పెట్టగానే పళ్ళ మధ్య నుంచి గాలి పీల్చి, చెయ్యి బయటికి తీసి చూసుకుంది. సూది పోట్లు పడ్డ వేళ్ళు. మళ్ళీ ముంచింది. అది కోడలొక్కతే చూసింది.

వెళ్ళేముందు అత్తగారు అందరికీ చెప్పింది, వచ్చేవారం తీసేది ఏడాది వంతని. అది ఎవరికొస్తే ఆ ఇంట్లోంచి ఒకరు వెనక గదికి మకాం మార్చి, పెద్దాయనని ఏడాది పొడుగునా కనిపెట్టుకుని ఉండాలి. తినిపించాలి, పక్క మార్చాలి, పుళ్ళు పడకుండా ఒళ్ళు తిప్పాలి. అందరూ తలలూపారు. కుట్టావిడ మాత్రం నేల మీద గుడ్డని ఒకేచోట చాలాసేపు తిప్పింది.

*

మర్నాడు కోడలు దిండు గలీబులు కుట్టించే వంకన ఆవిడ కొట్టుకి వెళ్ళింది. కొట్టంటే ఒక గది. ముందు మిషను, వెనక మంచం, మధ్యలో తెర. నీలంరంగు గుడ్డ తానులు గోడవారగా ఆవిడ భుజం ఎత్తున పేర్చి ఉన్నాయి.

"ఇవేమిటక్కా, ఆకాశం కొన్నావా?"

"స్కూలు బట్టలు చెల్లీ. ఈ ఆర్డరు కోసం ఆ హెడ్మాస్టరు చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో నా చెప్పుల్నడుగు. ఇది బాగా చేస్తే ఏటా నాకే ఇస్తారట." నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడుతోంది. "ఇప్పుడు చెప్పు, వచ్చేవారం కత్తెరే వస్తే నేనెక్కడుండాలి? అక్కడా, ఇక్కడా?"

"రాదులే."

"వస్తుంది. నాక్కాక ఎవరికొస్తుంది?"

"వస్తే కాదనకూడదా?"

"కాదంటే బిళ్ళ వెనక్కిచ్చెయ్యాలి. బిళ్ళ లేనివాళ్ళు ఆ గడప తొక్కకూడదు." కుట్టావిడ నోట్లోంచి సూదులు తీసి ఒక్కొక్కటే దిండులో గుచ్చింది. "ఈ ఊరొచ్చిన కొత్తలో జ్వరమొచ్చి ఇదిగో ఈ మంచం మీద పడున్నాను. పలకరించే దిక్కు లేదు. మేనేజరు గారి భార్య వచ్చి నా అంట్లు తోమింది. ఎవరండీ మీరంటే, నా వంతమ్మా అంది. అంతే. ఏ ఇంట్లో చూశావు అలాంటిది? ఆ ఇల్లొదులుకుని నేనెక్కడికి పోను? పోకుండా ఉంటే ఏం తిని బతకను?"

కోడలు గలీబు గుడ్డ మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

"మా బిళ్ళ ఎప్పుడూ రాదేమక్కా?" అంది ఉన్నట్టుండి. "నేనొచ్చాక ఒక్కసారి కూడా రాలేదు."

"మీ అత్తగారు దేవత లాంటి మనిషి. ఆవిడకెందుకొస్తుంది?" మిషను చక్రం చేత్తో ఆపింది. "నవ్వుతాలుకి కాదు చెల్లీ. మిషను తొక్కినంతసేపూ అదే ఆలోచన నాకు. ఏం పాపం చేశానా అని. ఎవరి గుడ్డ మిగిల్చుకున్నాను, ఎవరికి కొలత తప్పు కుట్టాను, అని ఒక్కొక్కళ్ళే గుర్తొస్తారు."

మిషను మళ్ళీ నడిచింది. కోడలు గలీబు గుడ్డ మిషను పక్కన పెట్టి వచ్చేసింది.

*

ఆ తర్వాత రోజు పొద్దున అత్తగారు చెంబు పెట్టింది. తన గోధుమరంగు గుండీ వేసి, పిడికిలి పటం వైపు తిరిగి నిలబడింది. కోడలికి ఆ వేళ పాలు పొంగే కంగారులో గుండీ వెయ్యడం ఆలస్యమైంది. మొగుడు తల మీద తువ్వాలుతో వచ్చి, నల్లగుండీ చెంబులో వేసి, గట్టుకి ఆనుకుని తీరిగ్గా నిలబడ్డాడు. స్టవ్వు కట్టేసి వచ్చి కోడలు తన తెల్లగుండీ వేసింది.

అతను గట్టు వదిలి నిటారుగా నిలబడ్డాడు. "అదేంటి, నువ్వు ముందే వెయ్యలేదా?"

"లేదు. ఏం?"

"ఏం లేదు."

అత్తగారు కళ్ళు మూసుకుని తీసింది. తెల్లది. చాలా రోజులకి ఆ ఇంట్లో క్యాబేజీ.

మొగుడి ముఖం చూసి కోడలికి అనుమానం వచ్చింది. పెరట్లో బట్టలారేస్తూ అతన్ని పట్టుకుంది. "ఏమండీ, అబద్ధం చెప్పకండి. రోజూ మీ గుండీయే ఎలా వస్తోంది?"

"మెల్లిగా! అమ్మ వింటుంది." అతను తువ్వాలు దులుపుతున్నట్టు నటించాడు. "ఆఖర్న వేసిందే వస్తుందోయ్. అమ్మ చెంబు కదపదు కదా. పైనున్నదే వేలికి తగులుతుంది. నాకు చిన్నప్పుడే తెలిసింది."

"తెలిసి అత్తయ్యకి చెప్పలేదా?"

"చెబితే బంగాళాదుంప పోదూ?"

కోడలు నవ్వింది. నవ్వుతూనే దండెం మీద తడిచీర పరిచింది. పరుస్తూ పరుస్తూ ఆగిపోయింది. నిండిన కుండలో టప్పుమని పడిన బిళ్ళ చప్పుడు చెవిలో వినపడింది.

"కత్తెర" అంది.

"కత్తెరేంటి?" అన్నాడతను. భార్య ముఖం చూశాక అతనికీ అర్థమైంది. తువ్వాలు దులపడం మానేశాడు. "అయ్యో. నేను కూర సంగతే అనుకున్నాను."

అత్తగారు వంటింట్లో కింద కూర్చుని క్యాబేజీ తరుగుతోంది. ఆవిడ తరిగితే దారాల్లా వస్తుంది. కోడలు ఎదురుగా కూర్చుంది.

"అత్తయ్యా, వంతు తీసేముందు కుండని ఒకసారి అటూ ఇటూ కదిపితే ఏమవుతుంది?"

"కదపడమా? పేకముక్కలనుకున్నావా?" కత్తి ఆగలేదు. "ఏది ఎక్కడుండాలో అమ్మ పెట్టే ఉంచుతుంది. నేను చెయ్యి పెట్టి కెలికితే ఇంక అందులో అమ్మ చెయ్యేముంది? నా చెయ్యే."

"కదపకపోతే మీ చేతికి పైదే కదా తగిలేది? పైది ఆఖర్న వచ్చినవాళ్ళది."

"ఆఖర్న రావడం కూడా అమ్మ పెట్టిందే."

"ఆ అక్కని ఆఖర్న తెచ్చేది అమ్మ కాదత్తయ్యా, ఇస్త్రీపెట్టె." అంది కోడలు. "మనల్ని ముందు తెచ్చేది మీ బొడ్లో ఉన్న తాళం."

కత్తి ఆగింది. అత్తగారు తల ఎత్తలేదు. తరిగిన కుప్పలోంచి ఒక్క పోగు తీసి, వేళ్ళ మధ్య నలిపి, పక్కన పెట్టింది.

"చదువుకున్నదానివి" అంది. అది పొగడ్తో తిట్టో తెలిసేలా అనలేదు. "పోపు మాడుతున్నట్టుంది చూడు."

స్టవ్వు మీద పోపే లేదు.

*

మర్నాడు గట్టు మీద చెంబు రాలేదు. "ఏం వండమంటారు అత్తయ్యా?" అంటే "నీ ఇష్టం" అంది అత్తగారు. ఇన్నేళ్ళూ ఆ మాట కోసం మొహం వాచిపోయిన కోడలు కూరల బుట్ట ముందు నిలబడి ఎటూ తేల్చుకోలేక చివరికి మూడూ కలిపి వండింది. అలాంటి కూర ఆ ఇంట్లో అంతకు ముందూ లేదు, ఆ తర్వాతా ఉండకూడదని ముగ్గురూ మనసులో అనుకున్నారు.

మధ్యాహ్నం ఆరిన బట్టలు లోపల పెట్టడానికి వెళ్తూ కోడలు ఓరగా వేసివున్న తలుపు దగ్గర ఆగింది. అత్తగారు మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఒళ్ళో చెంబు. గుండీలు ఒక్కొక్కటే వేస్తోంది. కళ్ళు మూసుకుంటోంది. తీస్తోంది. తీసినదాన్ని దుప్పటి మీద వరసలో పెడుతోంది. చెంబు బోర్లించి మళ్ళీ మొదలుపెడుతోంది. ఈసారి వేరే వరసలో వేసింది. తీసింది. తీసిన గుండీని వెలుతురులో పెట్టి, అది ఎవరో తెలిసిన మనిషైనట్టు చూసింది.

కాసేపటికి చెంబు మూతి మీద అరచెయ్యి పెట్టి, దాన్ని పైకెత్తింది. కదపబోయి ఆగిపోయింది. నిద్రపోతున్న పసిబిడ్డని పడుకోబెట్టినట్టు మళ్ళీ ఒళ్ళో దించింది. అలాగే కూర్చుంది. కోడలికి అక్కణ్ణుంచి వెళ్ళిపోవాలనిపించింది. బట్టలు గుండెలకి హత్తుకుని వెళ్ళిపోయింది కూడా. వంటింటి దాకా వెళ్ళాక వెనక నుంచి వినిపించింది. స్టీలు చెంబులో గుండీలు గలగలమని కదిలిన చప్పుడు. ఒకసారే.

సాయంత్రం కొడుకు అన్నం ముందు కూర్చుని, "అమ్మా, నేనొకటి చెప్పాలి" అన్నాడు.

"నువ్వేం చెప్పక్కర్లేదు. చిన్నప్పట్నుంచీ స్నానానికి అందరికంటే ఆఖర్న ఎందుకు పోతావో ఇవాళ తెలిసింది" అంది అత్తగారు. కూరలోంచి క్యాబేజీ ఏరి అతని కంచంలో పెట్టింది. అతను వద్దన్నా ఇంకోసారి పెట్టింది. ఆ రెండోసారి పెట్టడంలో కోపమేమైనా ఉందేమోనని కోడలు ఆవిడ చేతికేసి చూసింది. అత్తగారు గిన్నె మీద మూత పెట్టి లేచింది.

కుండ గురించి మాత్రం ఆ రోజూ, ఆ తర్వాతి రోజుల్లోనూ ఒక్క మాట ఎత్తలేదు. ఎత్తబోతే కోడలికి ఏదో ఒక పని చెప్పి పంపించేసింది.

*

కూడే రోజు వచ్చింది. ఎప్పటిలాగే అత్తాకోడళ్ళు ముందు వెళ్ళారు. అత్తగారు తలుపు తీసింది, దుమ్ము తుడిచింది, ఎత్తుపీట మీద కుండ పెట్టింది. ఠంగుమనే చప్పుడు కోసం కోడలు ఎదురుచూసింది. అది రాలేదు. అత్తగారి కుడిచెయ్యి మూసి ఉంది. ఆ చేత్తోనే చాపలు పరిచింది, ఆ చేత్తోనే వచ్చినవాళ్ళకి దణ్ణం పెట్టింది.

ఒక్కొక్కళ్ళే వచ్చారు. పాలదుకాణం ఆయన బిళ్ళ వేశాడు. మేనేజరు, ఆయన భార్య వేశారు. పాట మొదలైంది, సగమైంది. ఆఖరి చరణంలో కుట్టావిడ వచ్చింది. వస్తూనే కోడలి పక్కన వంగి, "బిళ్ళ వెనక్కిచ్చెయ్యాలంటే చేతికివ్వాలా, పిడికిలి ముందు పెట్టాలా చెల్లీ?" అని అడిగింది. గొంతులో ఏడుపు లేదు. ఇస్త్రీ బట్టలు ఏ గుమ్మంలో ఇవ్వాలో అడిగినట్టుంది. కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది.

కుట్టావిడ చెయ్యి విడిపించుకుని వెళ్ళి కత్తెర బిళ్ళ కుండలో వేసింది. టప్పుమంది.

అప్పుడు అత్తగారు కుండ దగ్గరకొచ్చి, పిడికిలి విప్పింది. అంతసేపు పట్టుకున్నందుకు అరచేతిలో తాళంచెవి గుర్తు అచ్చుగుద్దినట్టు పడింది. బిళ్ళ కుండలో జారవిడిచింది. ఎవరూ పట్టించుకోలేదు. దణ్ణం పెట్టింది. కళ్ళు మూసుకుంది. సన్నటి చెయ్యి కుండలోకి దిగింది, ఎప్పటిలాగే మొదట తగిలినదాన్ని పట్టుకుని పైకి వచ్చింది.

"తాళంచెవి" అంది.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక గదంతా ఒక్కసారిగా కదిలింది. "ఇన్నాళ్ళకి అమ్మ తన మనిషిని పిలుచుకుంది!" అన్నాడు పాలదుకాణం ఆయన, కళ్ళు తుడుచుకుంటూ. మేనేజరు లేచి నిలబడి అత్తగారికే దణ్ణం పెట్టాడు. ఎవరో పాట మళ్ళీ ఎత్తుకున్నారు. కుట్టావిడ గోడకి చేరబడి అలాగే కిందికి జారి కూర్చుంది. రెండు చేతులూ ఒళ్ళో వేసుకుని, చాలా రోజుల నుంచి బిగబట్టిన ఊపిరి వదిలింది.

కోడలికి గుండె నిండిపోయింది. ఆవిడ చేసేసింది. ఏడాది పాటు ఆ వెనక గదిలో, ఆ వయసులో, పెద్దాయన పక్క మారుస్తూ. కుట్టావిడ ఆర్డరు నిలిచింది, బిళ్ళ నిలిచింది, అమ్మ పేరు ఇంకా పెద్దదైంది. ఎవరి పరువుకీ చిన్న గీత పడలేదు. వచ్చేవారం నుంచి చప్పుడు కాకుండా కుండ కదిపితే సరి. తనైతే ఇక్కడితో ఆపి, దణ్ణాలన్నీ పుచ్చుకుని, ఇంటికెళ్ళి కాళ్ళు చాపుకుని కూర్చునేది.

అత్తగారు చెయ్యెత్తింది. "పాట ఆపండి. కూర్చోండి."

కూర్చున్నారు.

"ఇది అమ్మ పిలవడం కాదు. నా బిళ్ళ నేను ఆఖర్న వేశాను. పైనుంది. అందుకని వచ్చింది."

"అదేం మాటండీ?" మేనేజరు సగం లేచాడు. "పెద్దవారు, మీరలా అనకూడదు. ఏమైనా ఉంటే తర్వాత మనలో మనం..."

"అందరి ముందూ తీశాను బాబూ. అందరి ముందే చెప్పాలి." బిళ్ళని మళ్ళీ కుండలో వేసి, మూతి మీద చెయ్యి మూసి, కుండని పీట మీంచి ఎత్తింది. కోడలు లేవబోతే వద్దని తలూపింది. కుండని గుండెకి ఆనించుకుని అటూ ఇటూ ఊపింది. బిళ్ళలన్నీ ఒకదాని మీద ఒకటి దొర్లాయి. ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ వినని చప్పుడు. కొందరు చెవులు మూసుకున్నారు. "ఇక మీద ఇలా కలిపాకే తియ్యాలి. ఎవరు తీసినా సరే. ఏడాది వంతు మాత్రం నాదే. దానికి బిళ్ళ లేదు, పాట లేదు."

కుండ దించి, ఆవిడ గోడ దగ్గరకి నడిచింది. కుట్టావిడ ఎదురుగా, మోకాళ్ళ మీద చేతులానించి, కష్టపడి నేల మీద కూర్చుంది.

"అయ్యో, అక్కడ కూర్చోకండి పెద్దమ్మా" అంది కుట్టావిడ కంగారుగా. "పొద్దున్న కడిగాను, ఇంకా చెమ్మగానే ఉంది. చీర తడుస్తుంది."

"తడవనీ." అత్తగారు ఆవిడ చేతులు రెండూ తీసుకుని, వేళ్ళు విప్పి, సూది పోట్లన్నీ ఒక్కొక్కటిగా చూసింది. "నా బిళ్ళ ఎప్పుడూ అడుగునే ఉండేదే అమ్మాయ్. రాకపోతే అమ్మ దయ అనుకున్నాను. నేనేదో మంచిదాన్ననుకున్నాను. నీది ప్రతివారం పైనుంటే నీ ఖర్మ అనుకున్నాను. నువ్వు నవ్వుతుంటే నేనూ నవ్వాను." ఆవిడ గొంతు తగ్గలేదు. ఆఖరి వరసలో ఉన్నవాళ్ళకి కూడా వినపడేలాగే చెప్పింది. "నువ్వేం పాపం చెయ్యలేదు. తప్పు చేసింది నేను."